తలుపు దగ్గర మనిషి

జూన్ 12

ఆడపడుచు గారికి, అంటే ఇప్పుడు యూనియన్ కార్యదర్శి గారికి,

అందరం క్షేమం అని మొదలుపెట్టడం రివాజు కదా. క్షేమమే. అత్తయ్యకి ఎడమ చెయ్యి ఇంకా లేవడం లేదు. ఆ చెయ్యి చెయ్యాల్సిన పని కూడా నోరే చేస్తోంది. నిన్న నేను దుప్పటి సరిగ్గా మడవలేదని మంచం మీద నుంచే వీధి చివరి వరకూ చాటింపు వేసింది. మీ అన్నయ్య మళ్లీ లారీ ఎక్కాడు. ఆదివారానికి వస్తానన్నాడు, ఏ ఆదివారమో చెప్పలేదు.

నువ్వు అక్కడ ఆనకట్ట గేట్లెత్తి వదిలిన నీళ్లు ఇక్కడ మా ఫిల్టర్ హౌస్‌కి చేరడానికి రెండు రోజులు పడుతుంది. నీ సలహాలు మాత్రం అంతకంటే ముందే వచ్చేస్తున్నాయి. నీ కొండ మీద ఫోను పలకదని హాయిగా ఉన్నాను. పరీక్షకి పంపే నీళ్ల సీసాల పెట్టెలో ఉత్తరాలు కూడా కుక్కొచ్చని నీకు ఎవరు నేర్పారు తల్లీ?

మా వాగుడుకాయ బాబాయి రిటైరయ్యాడు. ఆయన లేకపోతే ఇంత దిగులేస్తుందని అనుకోలేదు. నీళ్లలో కలిపే గ్యాసు ఉండే మా క్లోరిన్ గదిలో సిలిండరు మార్చడానికి ఒకరు లోపలికి వెళితే ఇంకొకరు తలుపు దగ్గర నిలబడాలి. ఊరికే నిలబడితే చాలదు, ఆపకుండా మాట్లాడుతూ ఉండాలి. మాస్కు తగిలించుకుని సిలిండరు మీదికి వంగినవాళ్లకి వెనక ఏం జరుగుతోందో తెలియదు. మాట వినబడుతున్నంతసేపు తోడున్నట్టు. మాట ఆగితే పని వదిలేసి బయటికి రావాలి. ఇది ఏ పుస్తకంలోనూ లేదు, మా పాతవాళ్లు పెట్టుకున్న పద్ధతి. బాబాయి తన మోకాళ్ల నొప్పులు, అల్లుడి పిసినారితనం, పక్కింటివాళ్ల కుక్క, అన్నీ ఆ తలుపు దగ్గరే చెప్పుకున్నాడు. అటు పోయేవాళ్లు ఆ మాటలు విని ‘తలుపు దగ్గర మనిషి ఉన్నాడులే’ అని నిశ్చింతగా తమ పనికి పోయేవారు.

ఆయన చోట్లో ఎవరినీ వేయలేదు. ఇక షిఫ్టుకి ఒక్కరే చాలని పైనుంచి ఆర్డరు.

నువ్వు పంపిన సభ్యత్వ కాగితం అందింది. అత్తయ్య మందుల బల్ల ఊగుతుంటే దాని కాలి కింద మడిచి పెట్టాను. కోప్పడకు. మా ఇంజనీరు గారు మంచివాడు. ఇంట్లో మంచాన పడిన మనిషి ఉందని చెప్పుకుంటే, నాకు ఎప్పుడూ పగటి షిఫ్టే వేస్తున్నాడు. ఆయన మీదికి జెండా పట్టుకుని పొమ్మంటావా? తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టడం నాకు చేతకాదు.

నీ సలహాలు వినని
వదిన

తా.క. మాట లేకపోతే ఆ గదిలో నాకు చెయ్యి ఆడదు. అందుకని ఇంట్లో పాత రేడియో తీసుకెళ్లి తలుపు దగ్గర స్టూలు మీద పెట్టాను. బాబాయి కంటే నయం, మోకాళ్ల గోడు లేదు.


జూన్ 20

మా వదినమ్మకి,

మా అమ్మ నోటిని భరిస్తున్న నీ చెవులకి ముందుగా నా దణ్ణం.

రేడియో ముక్క చదివి మా గేటు ఆపరేటర్లందరికీ వినిపించాను. పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. ఇలాంటి జోకులు నీకే తడతాయి.

ఇక నీ మంచి ఇంజనీరు గారి సంగతి. నాకూ ఒక మంచి ఆఫీసరు ఉండేవాడు. అప్పట్లో మా గేట్ల వంతెనకి పట్టుకోవడానికి పక్కన కటకటాలు లేవు. వానలో, జారిపోయే ఇనప చట్రం మీద నడిచి గేటెత్తాలి. కింద నీళ్లు సుడి తిరుగుతుంటే కాళ్లు మనవి కావు. ఒక్కొక్కరం వెళ్లి అడిగితే ఆయన కూర్చోబెట్టి టీ ఇప్పించి ‘చూద్దాం’ అనేవాడు. నాతో ఇంకా మంచిగా, ‘వాన రోజున నువ్వు వంతెన ఎక్కొద్దులే అమ్మాయ్, ఇంకొకరిని పంపుతాను’ అన్నాడు. ఎంత దయ అనుకున్నాను. తర్వాత తెలిసింది, నా బదులు ఎక్కించింది చూపు మందగించిన పెద్దాయన్ని అని. నా మీద చూపిన దయ వెళ్లి ఆయన నెత్తిన పడింది.

ఆ రోజే యూనియన్‌లో చేరాను వదినా, ఎవరో ఉపన్యాసం ఇస్తే కాదు. అందరం కలిసి, కటకటాలు పెట్టేదాకా వానలో వంతెన ఎక్కం అన్నాం. అరిచారు, బెదిరించారు, చివరికి పెట్టారు. ఆ ఆఫీసరు వెళ్లిపోయాడు, ఆయన తర్వాత ఇంకొకాయనా వెళ్లిపోయాడు. కటకటాలు ఉన్నాయి. ఇనుముకి ఎవరు మంచివాళ్లో ఎవరు చెడ్డవాళ్లో తెలియదు.

నీకు ఎప్పుడూ పగటి షిఫ్టే వేస్తే నీ వంతు రాత్రిళ్లు ఎవరు చేస్తున్నారో ఎప్పుడైనా అడిగావా? భయం ఉంటే ఉందని చెప్పు, ఫరవాలేదు. కానీ మా అమ్మని అడ్డం పెట్టుకోకు. మీ ఫిల్టర్ హౌస్‌లో ఒక్కరే పనిచెయ్యడం గురించి మా సమావేశంలో ఎత్తుతాను.

నిన్ను వదలని
మరదలు


జులై 3

గౌరవనీయులైన కార్యదర్శి గారికి,

నమస్కారాలు. తమరి తల్లిగారు క్షేమం. తమరి ఉత్తరం అందింది. సమావేశంలో ఎత్తుతానన్నారు, ఎత్తినట్టున్నారు. ఫలితం కూడా అందింది.

మా ఇంజనీరు గారిని బదిలీ చేశారు. కొత్తాయన వచ్చిన రోజే షిఫ్టులన్నీ తిరగరాశాడు. నాకు ఒక వారం సాయంత్రం, ఒక వారం రాత్రి. అత్తగారి సంగతి చెప్పబోతే, ‘ఇంటి విషయాలు ఆఫీసుకి తేకండి’ అన్నాడు, నా ముఖం కూడా చూడకుండా. నా పేరు ఆయనకి ముందే ఎవరో చెప్పి ఉంటారు. ఆడబిడ్డ అర్ధమొగుడు అని ఊరికే అనలేదు, ఇంట్లోనే అనుకున్నాను, ఉద్యోగంలో కూడానా?

ఇక తమరూ గిమరూ నావల్ల కాదు. విను. మీ అమ్మకి ఒళ్లు తుడిచి, పక్క మార్చి, మందులు మింగించి, మూడు తిట్లు తిని డ్యూటీకి పోతున్నాను. నేను లేనప్పుడు పక్కవాటా కుట్టుపనావిడ వచ్చి కూర్చుంటోంది. ఆవిడ మిషను కూడా మన గదిలోకే తెచ్చుకుంది, పాపం. నేను మీ అమ్మని అడ్డం పెట్టుకోలేదమ్మాయ్, నెత్తిన పెట్టుకున్నాను. ఆ మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందో తెలియదు. చదివి చాలాసేపు ఏడ్చాను.

ఇక కాగితాలు పంపకు.

వదిన


జులై 11

వదినా,

తప్పు మాట రాశాను. నువ్వు ధైర్యంగా ఉండాలన్న తొందరలో నోరు జారింది. నువ్వు చేసే చాకిరీ నేను కూతురినై ఉండి చెయ్యడం లేదు. ఆ సిగ్గు నాకు ఎప్పుడూ ఉంది. అదే కోపంగా బయటికి వచ్చింది.

కానీ ఒక్క మాట నమ్ము. నేను ఎక్కడా ఏమీ ఎత్తలేదు. మా సమావేశం ఈ నెలాఖరుకి. మీ ఇంజనీరు గారు తన ఊరికి దగ్గరగా వెయ్యమని తనే అడిగి వెళ్లాడట, సీసాల వ్యాను డ్రైవరు చెప్పాడు. కొత్తాయనకి నీ పేరు ఎవరూ చెప్పలేదు, అదే వచ్చిన చిక్కు. నీ పగటి షిఫ్టు గురించి పాతాయన ఎక్కడా ఒక్క ముక్క రాసి పెట్టలేదు. మంచివాడే, కాదనను. సామాన్లతో పాటు ఆ మంచితనం కూడా సర్దుకుని వెళ్లిపోయాడు. నీకు కావలసింది మంచివాడు వెళ్లిపోయినా ఉండిపోయేది.

కాగితం పంపడం లేదు. అమ్మకి దుప్పటి పంపుతున్నాను, సరిగ్గా మడిచే పంపాను.

ఇంకొకటి. ఆ రేడియో జోకు కాదట కదా! నిజంగానే పెట్టావని డ్రైవరు అంటే నా గుండె ఆగినంత పనైంది. తీసెయ్యి వదినా. అది నీతో మాట్లాడుతుంది కానీ నిన్ను చూడదు. నువ్వు పడిపోయినా దానికి తెలియదు.

కోపం పోతే జవాబు రాయి, పోకపోయినా రాయి.

మరదలు


జులై 24

మరదలికి,

దుప్పటి అందింది. అత్తయ్య మూలలు చూసి, ‘దీన్ని చూసి నేర్చుకో’ అంది. నీ మీద కోపం సగం పోయింది, పోయిన సగం ఈ మాటతో మళ్లీ వచ్చింది.

నాకు కాస్త జలుబు చేసింది. గొంతు బొంగురుపోయింది. డ్యూటీకి పోవడం లేదు. పెద్దగా రాయలేను. కంగారుపడకు.

వదిన


ఆగస్టు 1

జలుబా? వదినా, జలుబా?

మా డ్రైవరు ఏదీ కడుపులో దాచుకోలేడని నీకు తెలియదా? నిన్ను క్లోరిన్ గది బయట నేల మీద నుంచి ఎత్తుకెళ్లారటగా. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టారటగా. ఎగువన కుంభవృష్టి, గేట్లన్నీ ఎత్తి ఉన్నాయి, ఇక్కడి నుంచి అడుగు కదపడానికి లేదు. లేకపోతే ఈ ఉత్తరం బదులు నేనే వచ్చి నీ చెంప వాయించేదాన్ని. మా అమ్మ దగ్గర నేర్చుకున్న విద్యే.

ఏం జరిగిందో పూర్తిగా రాయి. నాకు భయంగా ఉంది. నువ్వు లేకపోతే నేను ఎవరితో పోట్లాడాలి?

మరదలు


ఆగస్టు 5

అమ్మాయ్,

నీకు చెబితే గేట్లు వదిలేసి వస్తావని భయపడి అబద్ధమాడాను. ఇప్పుడు ఊపిరి బాగానే ఆడుతోంది. మెట్లెక్కితే ఆయాసం, అంతే.

సాయంత్రం షిఫ్టు. సిలిండరు మార్చాను. వాషరు సరిగ్గా కూర్చోలేదు. వాల్వు తిప్పగానే బుస్సుమని వచ్చింది. నా మాస్కు పాతది, చెంప దగ్గర పట్టీ వదులు. కళ్లు మండిపోయాయి, గొంతులో నిప్పు పోసినట్టయింది. వాల్వు కట్టేశాను కానీ తలుపు ఎటుందో తెలియలేదు. ‘రండి, రండి’ అని అరిచాను. బయట రేడియో హాయిగా మాట్లాడుతోంది. రేపు ఆకాశం నిర్మలంగా ఉంటుందట. ఎవరూ రాలేదు.

ఎందుకు రాలేదో తర్వాత తెలిసింది. సరిగ్గా అప్పుడే పంపుహౌస్ ఫిట్టరు అటుగా వెళ్లాడట. మోటార్ల హోరులో, మాస్కులోంచి నా అరుపు వినబడలేదు, తలుపు వైపు నుంచి ఏదో మాట మాత్రం వినబడింది. తలుపు దగ్గర మనిషి ఉన్నాడులే అనుకుని తన దారిన పోయాడు. అందులో ఆయన తప్పేముంది? ఇన్నేళ్లుగా మా అందరికీ అలవాటైన నమ్మకం అది. నాకు రావాల్సిన మనిషిని నేను పెట్టిన గొంతే వెనక్కి పంపింది.

క్లోరిన్ బరువైన గాలి, నేల మీద పరుచుకుంటుంది. పొగలో పాకినట్టు వంగి పాకితే అంతే సంగతులు, తల ఎత్తుకునే నడవాలి. బాబాయి వాగిన అన్ని మాటల్లో అదొక్కటే గుర్తొచ్చింది. గోడ పట్టుకుని, తల ఎత్తుకుని తలుపు దాకా వచ్చాను. స్టూలు దగ్గర పడిపోయాను. ఫిట్టరు తిరిగి వస్తూ చూశాడు.

ఇంటికొచ్చాక మెమో వచ్చింది. డ్యూటీలో సొంత రేడియో పెట్టుకుని అశ్రద్ధగా ఉన్నందుకు చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పాలట. గోరుచుట్టు మీద రోకటిపోటు! మనిషిని తీసేసింది వాళ్లు, రేడియో తెచ్చినందుకు తప్పు నాది. పద్నాలుగేళ్లుగా ఈ ఊరికి మంచినీళ్లు ఇస్తున్నాను. ఆ కాగితం చూస్తే ఏడుపు రాలేదు, ఒళ్లు మండిపోయింది.

అత్తయ్య చదివి వినిపించమంది. విని, కాసేపు నోరు మూసుకుంది. అది చూసి నాకు ఇంకా భయమేసింది. తర్వాత అంది, ‘నన్ను చూపించి ఇంక ఎవరికీ భయపడకు. నాకు కోడలు కావాలి, పగటి షిఫ్టు కాదు. ఆ బల్ల కింది కాగితం తీసి దానికి పంపు.’

నలిగింది కానీ చిరగలేదు. సంతకం పెట్టి ఇందులో పెడుతున్నాను. బల్ల మళ్లీ ఊగుతోంది, ఊగనీ.

ఇప్పుడు నేనేం చెయ్యాలో చెప్పు.

వదిన


ఆగస్టు 9

వదినా,

నీ సంతకం చూసి మా గేటు ఆపరేటర్లు ఈసారి నవ్వలేదు. వానలో నిలబడే చదివారు, నీ కాగితం మీద ఒక తడి మచ్చ కూడా పడింది.

ఆ మెమో మీద విచారణ పెడతారు, దానికి నేను రాను. ఆడపడుచు పక్కన కూర్చుంటే వదినా మరదళ్ల వ్యవహారం అంటారు, పిల్లికి ఎలుక సాక్ష్యం అని కొట్టిపారేస్తారు. నీ పక్కన మీ పంపుహౌస్ ఫిట్టరు కూర్చుంటాడు. అక్కడ యూనియన్ ప్రతినిధి ఆయనే, నీకు తెలియదు, ఎందుకంటే నువ్వెప్పుడూ అడగలేదు. ఆ సాయంత్రం తలుపు దాటి వెళ్లిపోయిన దగ్గర్నుంచి ఆయనకి నిద్ర లేదట. ఆయన్ని పక్కన కూర్చోనిస్తే ఆయనకే మేలు చేసినదానివవుతావు.

ఒక్కదానివే ఏ గదిలోకీ వెళ్లకు, క్లోరిన్ గది అయినా ఆఫీసరు గది అయినా. రేడియో ఎందుకు తెచ్చావని అడిగితే ఉన్నమాట చెప్పు, పొడిగించకు. ఆ లోపల మిగతా షిఫ్టులవాళ్ల ఇళ్లకి వెళ్లు. నీ ఒక్కదాని మెమో గురించి కాదు, వాళ్ల ఊపిరి గురించి మాట్లాడు. వాళ్లూ ఒక్కొక్కరే ఆ గదిలోకి పోతున్నారు.

ఇక్కడ మేమంతా ఉన్నాం. గేట్లు, పంపులు, ఫిల్టర్లు, పైపులు, అన్నీ ఒకటే నీళ్లు కదా.

మరదలు


సెప్టెంబరు 14

ఆడపడుచు గారికి,

క్షేమం. ఈసారి నిజం.

నువ్వు చెప్పినట్టే ఇళ్లకి తిరిగాను. ఒకతను తలుపు సందులో నుంచే, ‘నీళ్లలో ఉండి మొసలితో వైరమా?’ అన్నాడు. ‘నీళ్లు ఇచ్చేది మనమే కదయ్యా’ అన్నాను. తలుపు పూర్తిగా తెరిచాడు. రాత్రి షిఫ్టు చేసే ఆవిడ ఇంట్లో నా మొహం చెల్లలేదు. ఆవిడ కొడుకుకి తరచూ ఫిట్సు వస్తాయి. నా వంతు రాత్రిళ్లన్నీ చేసింది ఆవిడే, ఒక్కనాడు నాతో అనలేదు. నువ్వు అడిగిన ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

విచారణలో కొత్త ఇంజనీరు గారు అడిగాడు:

“రేడియో ఎందుకు తెచ్చావమ్మా?”

“మనిషిని ఇవ్వలేదు కాబట్టి అండీ.”

“ఒక్కరితో కష్టమని ఇంతవరకూ ఎవరూ నాకు చెప్పలేదే?”

పక్కన ఫిట్టరు అందుకున్నాడు. “ఒక్కొక్కరం చెప్పుకోలేకపోయాం సార్. ఇప్పుడు అందరం చెబుతున్నాం.”

అన్ని షిఫ్టులవాళ్లం సంతకాలు పెట్టిన కాగితం ఇచ్చాం. ఊరికి నీళ్లు ఆపం, అన్ని పనులూ చేస్తాం, క్లోరిన్ గది తలుపు మాత్రం ఎవరూ ఒంటరిగా తెరవం. రెండో మనిషిని ఇస్తే ఆ క్షణమే సిలిండరు మారుస్తాం. ఆయన ముఖం కందగడ్డలా అయింది. సస్పెండు చేస్తానన్నాడు. ‘అందరినీనా సార్?’ అన్నాను. ఆ మాట నా నోట్లోంచే వచ్చిందా అని నేనే తిరిగి చూసుకున్నాను.

లోపల సిలిండరు అడుగంటుతోంది. మర్నాడు మధ్యాహ్నానికి మార్చక తప్పదు. ఆ వేళకి అందరం ఆ తలుపు ముందు చేరాం. ఎవరూ కదల్లేదు, రాత్రి షిఫ్టు ఆవిడ కూడా. నా కాళ్లు వణికాయి, అబద్ధం ఎందుకు? కానీ అటూ ఇటూ పది కాళ్లున్నాయి, నా వణుకు వాటి మధ్య కలిసిపోయింది. చివరికి ఆయనే ఫైలు చంకలో పెట్టుకుని వచ్చాడు. ‘సరే, ఇవాళ్టికి నేను నిలబడతాను, మార్చండి’ అన్నాడు. నిలబడితే చాలదు, మాట్లాడాలి అని ఫిట్టరు చెప్పాడు. పాపం, ఆయనకి ఏం మాట్లాడాలో తోచలేదు. ఉద్యోగుల సెలవుల నిబంధనలు మొదటి నుంచీ అప్పజెప్పాడు. లోపల మాస్కులో నాకు నవ్వు ఆగలేదు. మధ్యలో ఆ వాసన కొంచెం పీల్చి తనూ దగ్గాడు. ఇక ఆ తర్వాత ఏమీ వాదించలేదు.

పోయిన వారం ఆర్డరు వచ్చింది. ప్రతి షిఫ్టుకీ ఇద్దరు. తలుపు మీద రాయించారు, పెయింటుతో. కొత్త మాస్కులు వచ్చాయి. నా మెమో వెనక్కి తీసుకున్నారు, ఆసుపత్రిలో ఉన్న రోజులు డ్యూటీ కిందే లెక్క. పగటి షిఫ్టు మాత్రం పూర్తిగా రాలేదు. ఇంట్లో జబ్బు మనిషి ఉన్న అందరికీ వంతులవారీగా అని రాసుకున్నాం. ఒక వారం నాకు, ఒక వారం రాత్రి షిఫ్టు ఆవిడకి. ముందుకంటే నాకు తక్కువే వచ్చింది, అయినా ఇది నాది. ఈ ఇంజనీరు గారు రేపు వెళ్లిపోయినా ఇది సామాన్లలో సర్దుకోలేడు.

అత్తయ్య తన గొప్పే అంటోంది. మందుల బల్ల కింద ఆ మెమో మడిచి పెట్టమంది. ఇప్పుడు ఊగడం లేదు.

నాకు జోడీగా కొత్తమ్మాయిని వేశారు. బుద్ధిమంతురాలు, పని చకచకా నేర్చుకుంది. వచ్చిన చిక్కల్లా, నోరు లేదు. తలుపు దగ్గర నిలబెడితే రెండు మాటలు చెప్పి ఆగిపోతుంది, నేను ప్రతిసారీ పని వదిలేసి పరిగెత్తుకొస్తున్నాను. ‘ఏం మాట్లాడాలో తెలియడం లేదు ఆంటీ’ అని ఏడుపు మొహం పెట్టింది. అందుకని నీ ఉత్తరాలు తెచ్చి ఇచ్చాను. ఇప్పుడు అవి గట్టిగా చదువుతోంది. మా అమ్మని అడ్డం పెట్టుకోకు అన్న చోట కాస్త గొంతు తగ్గిస్తుంది, ఆ చెంప వాయించే చోట మాత్రం బాగా చదువుతుంది. ఫిట్టరు కూడా వచ్చి నిలబడి వింటున్నాడు.

కాకపోతే నీ ఉత్తరాలు మరీ పొట్టివి. నిన్న సిలిండరు సగం మార్చేసరికే అన్నీ అయిపోయాయి. ఈసారి పొడుగ్గా రాయి. లోపల నేను ఉంటాను.

నీ వదిన